ప్రస్థానం పెట్టిన కళ్ళజోడు

కిందటి నెల ఒక మధ్యాహ్నం పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తుంటే తలుపు తట్టిన చప్పుడైంది. లేచి తీస్తే, మా అమ్మమ్మ ఊళ్ళో పక్కింటి పిన్నిగారి కొడుకు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, కానీ అతని జుట్టు మాత్రం నాకంటే ముందే రిటైరైపోయింది. చేతిలో ఉన్న సంచీ బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళూ, కాఫీ, నా మోకాళ్ళ నొప్పులూ, వాళ్ళ కొబ్బరి దిగుబడీ అన్నీ అయ్యేదాకా అసలు సంగతి ఎత్తలేదు. కోనసీమ వాళ్ళం. రాగానే విషయంలోకి దిగిపోతే మర్యాదగా ఉండదు.

"పెంకుటిల్లు విప్పేస్తున్నామండి అక్కయ్యగారూ, శ్లాబు వేద్దామని. అటక మీద ఇది దొరికిందండి. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ముట్టుకోనిచ్చేది కాదండి. 'పక్కింటి మామ్మగారిదిరా, ఆవిడ ప్రయాణంలో ఉన్నారు, కదపకూడదు' అనేదండి. ఇప్పుడు అటకే ఉండదు కదండీ. ఎక్కడ పెట్టాలో తెలీక మీకు తెచ్చేనండి" అన్నాడు.

సంచీలోంచి తీస్తే ఒక గుడ్డ మూట. ఒకప్పుడు పసుపు రంగు గుడ్డ అయి ఉండాలి, ఇప్పుడు ఏ రంగూ కాదు. ముడి చూడగానే గుర్తుపట్టాను. అమ్మమ్మ ముడి వేస్తే విప్పడానికి ఇంట్లో మగవాళ్ళని పిలవాల్సి వచ్చేది. ఆవిడ పోయి నలభై ఏళ్ళు కావస్తోంది. అలాంటి మనిషి ప్రయాణంలో ఉందని పిన్నిగారు చెబితే విన్నవాళ్ళు నవ్వుకునే ఉంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మూట అక్కడ ఉండిపోవడానికి కారణం నేనే.

మా అమ్మమ్మ ఊరు గోదావరి పాయ వైనతేయ గట్టున ఉంది. నాన్నకి అక్కడి బళ్ళోనే లెక్కల మేష్టారు ఉద్యోగం కావడంతో మేమూ వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. అక్కణ్ణుంచి సముద్రం పడవ మీద ఒక పూట ప్రయాణం. వానాకాలంలో గాలి దక్షిణానికి తిరిగినప్పుడు సముద్రం హోరు మా వంటింట్లోకి వినిపించేది. అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోస్తూ ఆగి, "ఇవాళ బాగా కేకలేస్తోంది" అనేది, వెనక వీధి గయ్యాళి కోడలి గురించి అన్నట్టు. అరవై ఏళ్ళుగా ఆ కేకలు విన్న మనిషి ఆ సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఊరంతా ఏటా అంతర్వేది తీర్థానికి వెళ్ళి సముద్రస్నానం చేసి వచ్చేవారు. అమ్మమ్మకి కుదిరేది కాదు. తాతగారు వేదం చదువుకున్న మనిషి, ఇంట్లో మడి కట్టుకుని వండింది తప్ప మరో మెతుకు ముట్టరు. ఆయన పూజా, ఆయన వంటా వదిలి ఆవిడ కదలడానికి లేదు. పోనీ ఎప్పుడైనా కాస్త వెసులుబాటు చిక్కితే, ఆ ఏడాది సరిగ్గా ఆ వారమే ఎవరో ఒక జ్ఞాతి పోయి ఇంటిల్లిపాదికీ మైల పట్టించేవాడు. మా జ్ఞాతులు బతికున్నప్పుడు కూడా అంత సమయపాలన పాటించిన వాళ్ళు కారు. దానికి తోడు ఆవిడకి బస్సు పడదు. రాజోలు బస్సు మా వీధి చివర ఆగితే చాలు, ఆ వాసనకే తల పట్టుకుని మంచమెక్కేది.

వీటన్నిటికీ మించి ఆవిడకి చూపు సరిగా ఆనేది కాదు. పదడుగుల అవతల నిలబడ్డ మనిషిని గొంతు వింటే తప్ప పోల్చుకోలేకపోయేది. వంటింట్లో ఆ లోటు బయటపడేది కాదు, ఎక్కడేముందో చేతులకే తెలుసు. నాకు పదకొండో ఏడు వచ్చిన చలికాలంలో నాన్న ఆవిడని రేవు దాటించి, రిక్షా ఎక్కించి, అమలాపురంలో కళ్ళజోడు చేయించి తీసుకొచ్చాడు. కొట్లో పెట్టుకుని చూసి, వీధి అవతల కొబ్బరిచెట్టుకి ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయని, చిన్నప్పుడెప్పుడో అలా కనిపించేవని అందట. ఇంటికొచ్చి కళ్ళజోడు డబ్బాలో పెట్టి మూత వేసేసింది. అదేమిటే, పెట్టుకోవా అని అమ్మ అడిగితే, "పొయ్యి పొగకి పాడైపోతాయే. అయినా ఇక్కడ కొత్తగా చూడ్డానికేం ఉంది, మీ నాన్నగారే కదా" అంది. నా ఒక్కదానికి మాత్రం అసలు మాట చెప్పింది. "వీటితో మొట్టమొదట సముద్రం చూడాలే" అంది. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతులో ఉన్న సిగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాన్నకి పడవలంటే పిచ్చి. లెక్కల్లో కూడా పడవ ప్రవాహానికి ఎదురు వెళ్ళే లెక్కలే ఎక్కువ ఇచ్చేవాడని పిల్లలు గొణుక్కునేవారు. బస్సు పడకపోతే ఏటి మీద వెళ్దాం, అదేమన్నా బ్రహ్మవిద్యా, అన్నాడు. వేసవి సెలవుల్లో మా రేవులో జనాన్ని దాటించే పెద్దాయనతో మాట్లాడాడు. పిల్లలం ఆయన్ని పడవ తాత అనేవాళ్ళం. ఆయన నావ గూడూ తెరచాపా ఉన్న పెద్ద పడవ కాదు. పొడుగ్గా, సన్నగా, ఎదురుబొదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేంత వెడల్పుతో ఉండేది. అందులో అమ్మమ్మ, నాన్న, అమ్మ, తమ్ముడు, నేను, వెనక నావ తోసే గెడ పట్టుకుని పడవ తాత వెళ్ళాలి. తాతగారు రానన్నారు. రెండు రోజులు ఆయనకి వండి పెట్టే పూచీ పక్కింటి పిన్నిగారు తీసుకుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడటం ఆ తరంలో లేదు. అమ్మమ్మ నాన్నతో చెప్పాల్సిన మాటలన్నీ తలుపు చాటున నిలబడి అమ్మకి చెబుతున్నట్టు చెప్పేది. "అల్లుడుగారికి కాఫీ చల్లారిపోతోందని చెప్పవే" అనేది. నాన్న కూడా తలుపుకే జవాబు చెప్పేవాడు. పన్నెండేళ్ళుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరంటే ఒకరికి ఎంతో గౌరవంగా, అలా మా అమ్మ మీదుగా కాలం గడిపారు. నావలో తలుపుండదని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ముందు బయలుదేరే రోజు దగ్గరే చిక్కొచ్చింది. ఎండాకాలం ఎగువనుంచి నీళ్ళు రావు. ఏరంతా సముద్రం చెప్పినట్టు నడుస్తుంది, పోటుకి ఎగువకీ ఆటుకి దిగువకీ. "దశమి పొద్దుటికి పోటు నిండుద్దండి. అప్పుడు ఆటు మీద వదిలేమంటే గెడ ముట్టుకోకుండా అదే తీసుకెళ్ళిపోద్దండి. మర్నాడు తెల్లారగట్ల మళ్ళీ పోటుంటది, మడల్లో పాయ దాటించేసి సముద్రం ఒడ్డున దింపేత్తానండి. ఆ రోజు తప్పితే మాత్రం నేను మాటివ్వలేనండి" అన్నాడు పడవ తాత, మా అరుగు కింద నిలబడి. తాతగారు పంచాంగం తిరగేశారు. దశమి దివ్యంగా ఉంది, మర్నాడు ఏకాదశి, సముద్రస్నానానికి అంతకంటే కావలసిందేముంది. కానీ దశమి గురువారం. గురువారం దక్షిణ దిక్కుకి ప్రయాణం పనికిరాదు. మా ఊరినుంచి సముద్రం ఎటు చూసినా దక్షిణమే. ఇద్దరు పెద్దమనుషులూ రెండు రోజులు తిథుల గురించి మాట్లాడుకున్నారు, ఒకాయన నీళ్ళ కోసం, ఒకాయన దిక్కు కోసం. ఇద్దరి లెక్కా ఆ చంద్రుడిదే, ఇద్దరూ తగ్గలేదు.

చివరికి తాతగారే ఉపాయం చెప్పారు. మన పెద్దవాళ్ళు నియమం ఎంత గట్టిగా పెట్టారో, దాన్నుంచి బయటపడే సందు కూడా అంత జాగ్రత్తగా విడిచిపెట్టారు. వెళ్ళాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందు వచ్చే మంచి రోజున ఆ మనిషి వస్తువులు కొన్ని మూటగట్టి, వెళ్ళే దిక్కులో ఉన్న వేరే ఇంట్లో ఉంచాలి. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. అంతటితో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత ఏ రోజైనా సరే, దారిలో ఆ మూట అందుకుని వెళ్ళిపోవచ్చు. మూట మాత్రం మళ్ళీ మన గడప తొక్కకూడదు. బుధవారం పొద్దున్న, తాతగారు చెప్పిన ఘడియలో, అమ్మమ్మ మూట కట్టింది. బియ్యం, పసుపుకొమ్ములు, బండారులంక నేత చీర, దాని మడతల మధ్య కళ్ళజోడు డబ్బా. "ఇంకా వాడని వస్తువు కదా, దాంతోనే మొదలవ్వాలి" అంది. ఆ మూట మా ఇంటికి దక్షిణంగా ఉన్న పిన్నిగారింట్లో పెట్టి వచ్చింది. మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్తూ దాన్ని అందుకుని రావలసిన పని నాకు అప్పగించారు.

నాకూ తమ్ముడికీ నావలో ముందు ఎవరు కూర్చోవాలని వారం రోజులుగా తగువు. ఎవరు ముందు రేవుకి చేరితే వాళ్ళని నాన్న తీర్పు చెప్పాడు. గురువారం తెల్లవారుతూనే తమ్ముడు వీధి గుమ్మంలోంచి పరుగెత్తాడు. నేను పెరటి దారిన, అరటి బోదెల్లోంచి, అడ్డం పడి పరుగెత్తాను. పిన్నిగారిల్లు వీధి దారిలో ఉంది. నేనే గెలిచాను. నావ ముక్కు మీద కూర్చుని రొప్పుతుంటే, బుట్టలు సర్దుకుంటున్న అమ్మ తలెత్తకుండా "మూట తెచ్చేవా?" అంది. నేను "ఆ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఒక్క నిమిషంలో పరుగెత్తి తెచ్చేద్దామనుకున్నాను. కానీ దిగితే తమ్ముడు నా చోట్లోకి వచ్చేస్తాడు. అలా ఆలోచిస్తూ ఉండగానే పడవ తాత తాడు విప్పి, నావని ఒక్క తోపు తోసి ఎక్కేశాడు.

ఆ పొద్దుటిని మామూలుగా అయితే నేను జీవితమంతా వర్ణించుకుంటూ ఉండేదాన్ని. ఏరు నూనెలా నున్నగా ఉంది. కొబ్బరిచెట్లు రెండు గట్లనుంచీ నీళ్ళలోకి వంగి చూస్తున్నాయి. పడవ తాత చెప్పినట్టే గెడ నావలోనే పడుకుంది, ఆటు మమ్మల్ని చెయ్యిపట్టి నడిపించింది. పులిహోర వాసన, తడిసిన తాడు వాసన, అమ్మ తల్లో సన్నజాజుల వాసన కలిసి వచ్చేవి. అమ్మమ్మ నావ మధ్యలో, చాటుకి తలుపు లేక, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నాన్నకి వీపు పెట్టి కూర్చుంది. "ఆ తెల్లటిదేమిటో అల్లుడుగారిని అడగవే" అనేది. అమ్మ, నాన్న మోకాలి పక్కనే కూర్చుని, "ఆ తెల్లటిదేమిటటండీ" అని అడిగేది. "కొంగలని చెప్పు" అనేవాడు నాన్న. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నేను మాత్రం నావ ముక్కు మీద కూర్చుని ఒక్క కొంగనీ చూడలేదు.

బోడసకుర్రు రేవు దాటాక ఏరు వెడల్పయింది. గట్లు దూరంగా జరిగిపోయాయి. అమ్మమ్మ చేతులు తుడుచుకుని, "ఆ మూట ఇలా ఇయ్యవే. ఇప్పట్నుంచీ పెట్టుకుంటే కళ్ళకి అలవాటవుతుంది" అంది. అమ్మ బుట్టలు కదిపింది, చాప ఎత్తింది, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అమ్మ నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది. "అయ్యో, నేనే తెస్తానని పిల్లతో చెప్పేను. పెరుగు గిన్నె చూసుకుంటూ మరిచిపోయేను. నాదే మతిమరుపు" అంది. నాన్న వెనక్కి తిప్పమన్నాడు. పడవ తాత తల గోక్కున్నాడు. "ఎదురు తొయ్యాలంటే పొద్దుగూకిపోద్దండి. రేపు పోటు అందదండి. మళ్ళీ ఎల్లుండి నుంచి నా తమ్ముడు వలకెళ్ళాలండి నావేసుకుని" అన్నాడు. నాన్న అయినా సరే అనబోతే, అమ్మమ్మ నీళ్ళకేసి చూస్తూ అమ్మకి చెప్పింది. "బయల్దేరేక వెనక్కి తిరక్కూడదని చెప్పవే. సముద్రం పెద్దదే కదా, కళ్ళజోడు లేకపోయినా కనపడుతుందిలే."

ఆ సాయంత్రం ఏటి చివరి ఊళ్ళో, నాన్న స్నేహితుడైన ఒక మేష్టారు బడి తాళం ఇస్తే అక్కడ పడుకున్నాం. మర్నాడు ఇంకా తెల్లవారకముందే పడవ తాత వచ్చి లేపాడు. ఏకాదశి కాబట్టి అమ్మమ్మకి ఉపవాసం. నావ పెద్ద ఏరు వదిలి, పక్కనున్న సన్నటి పాయలోకి తిరిగింది. అక్కడినుంచి మడ అడవి. మేం పుట్టి పెరిగింది కొబ్బరితోటల్లో. అక్కడ ప్రతి చెట్టుకీ ఒక యజమానీ, ఒక సరిహద్దు తగాదా ఉంటాయి. ఇక్కడ ఎవరివీ కాని చెట్లు, నీళ్ళలో నిలబడి, కొమ్మలు తలల మీదుగా కలుపుకుని, మమ్మల్ని వంగి లోపలికి రమ్మన్నాయి. పోటు నీరు చెట్ల మొదళ్ళు ముంచి ఉంది. గెడ దించితే అడుగున మెత్తగా దిగి, బుడగలు పైకి వచ్చేవి, కుళ్ళిన ఆకుల వాసన వేసేది. ఎక్కడో లకుముకి పిట్ట కిచమని ఆగిపోయింది. అమ్మమ్మ తల పక్కకి వంచి, "వినపడుతోందా?" అంది. వినపడుతోంది. మా వంటింట్లో వినిపించే హోరే. కానీ ఇక్కడ అది కేకలా లేదు, ఎవరో పెద్ద మనిషి ఊపిరి తీసుకుని వదులుతున్నట్టుంది.

పాయ చివర నావని మడ కొమ్మకి కట్టాం. ఇసక దిబ్బ ఒకటి ఎక్కితే అవతల సముద్రమే. "పొద్దెక్కకుండా వచ్చెయ్యాలండి. నీరు తీసేసిందంటే పాయలో నావ కూర్చుండిపోద్దండి" అని పడవ తాత మూడుసార్లు చెప్పాడు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని దిబ్బ ఎక్కింది. పైకి చేరాక నిలబడిపోయింది. అప్పుడే సూర్యుడు వస్తున్నాడు. అంత పెద్ద నీటిని నేనూ మొదటిసారి చూశాను, చూసి సంతోషించలేకపోయాను. పక్కనున్న మొహం చూశాను. ఆవిడ కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, తల కాస్త ఇటూ అటూ తిప్పి, మజ్జిగలో వెన్న కోసం వెతికినట్టు వెతుకుతోంది.

"కింద బూడిదరంగు, పైన తెలుపు. అంతేనా?" అంది.

"కాదమ్మమ్మా, కెరటాలున్నాయి. నీలంగా ఉంది. పడవలున్నాయి దూరంగా."

"ఎంతదాకా ఉంది?"

"చివర లేదమ్మమ్మా."

"చివర లేకపోవడమంటే ఎలా ఉంటుందే?" అని అడిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు దింపాను.

స్నానాలయ్యాయి. తమ్ముడు కెరటానికి పడి, ఉప్పునీళ్ళు మింగి, సముద్రాన్ని బూతులు తిట్టి, అమ్మ చేత తన్నులు తిన్నాడు. అమ్మమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. కెరటం వచ్చి వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసక జారిపోతోందని, ఎవరో చాప లాగేస్తున్నట్టుందని చెప్పింది. పొద్దెక్కింది. నాన్న గట్టు మీద నిలబడి, వెళ్దామని అత్తగారికి ఎలా చెప్పాలో తెలీక అమ్మ కోసం చూస్తున్నాడు. అమ్మ తమ్ముడి తల తుడుస్తూ ఎక్కడో ఉంది. అప్పుడు అమ్మమ్మ వెనక్కి తిరిగి, కొంగు కూడా కప్పుకోకుండా, తిన్నగా నాన్న వైపు చూసి, "అల్లుడుగారూ, ఇంకాస్సేపు ఉందామండీ" అంది.

పన్నెండేళ్ళలో ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. నాన్న తడబడి, "ఉందామండి అత్తయ్యగారూ, మీ ఇష్టం వచ్చినంతసేపు ఉందామండి" అన్నాడు. ఆటుపోట్ల లెక్కలు పిల్లలకి చెప్పే మనిషే. ఆ మాటకి ఆటేమిటి, పోటేమిటి. ఆవిడ గంట పైన అలాగే నిలబడింది. కనిపించనిదాన్ని అంతసేపు చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఫలితం పడవ తాత చెప్పినట్టే అయింది. తిరుగు దారిలో సగం వచ్చేసరికి పాయలో నీళ్ళు మా కళ్ళ ముందే ఇంకిపోయాయి. నావ ఒక్కసారి నిట్టూర్చి బురదలో కూర్చుంది. గెడ వేస్తే గెడే దిగబడిపోతోంది. "ఆయ్, ఇంక సాయంత్రం పోటు దాకా ఇక్కడేనండి" అని పడవ తాత తలగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నాడు. ఆయన ఎవర్నీ తప్పుపట్టలేదు. అమ్మ దద్దోజనం తీసింది, నాన్నకీ తమ్ముడికీ పెట్టింది. అందరూ మడ చెట్ల నీడలో, కదలని నావలో, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కునుకు తీశారు.

నేనూ అమ్మమ్మా మెలకువగా ఉన్నాం. నేను పక్కకి జరిగి, తల ఆవిడ ఒళ్ళో దాచుకుని, "నేను తేలేదు అమ్మమ్మా. తెచ్చేనని అబద్ధం చెప్పేను" అన్నాను. ఆవిడ చెయ్యి నా తల మీద నిమురుతూనే ఉంది.

"తెలుసులే" అంది. "ఆ అన్నావు గానీ నీ మొహం మాడిపోయింది. ఎందుకో మూట దొరకనప్పుడు తెలిసింది. నీ పక్కనే కదే నేను నావెక్కింది. అంత దగ్గరివి కళ్ళజోడు లేకపోయినా కనపడతాయి."

నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చింది. తర్వాత నావ అంచు మీదుగా వంగి, "అదేమిటే?" అంది. నావకి ఆనుకునే ఉన్న బురదలో, జానెడు దూరంలో, చిన్న చిన్న బొరియలు. ఒక్కో బొరియలోంచీ ఒక పీత బయటికి వచ్చింది. ఒక డెక్క ఇంతెత్తున ఎర్రగా, రెండోది చిటికెన వేలి గోరంత. ఆ పెద్ద డెక్క ఎత్తి, ఎవరినో పిలుస్తున్నట్టు ఆడించింది. వాటి మధ్య వేలెడేసి చేపలు నీళ్ళు లేకుండానే బురద మీద గెంతుతూ తిరుగుతున్నాయి. మడ చెట్ల వేళ్ళు నేలలోంచి పైకి, నారుమడి వేసినట్టు, మొనలు తేలి ఉన్నాయి. ఇవన్నీ దగ్గరగా ఉండటంతో ఆవిడకి ప్రతి ఒక్కటీ విడివిడిగా కనిపించింది. ఆ నాలుగైదు గంటలూ ఉపవాసం సంగతి మరిచిపోయి, నావ అంచు మీద గడ్డం ఆనించి, "అదిగో వీడు వాడి ఇంట్లో దూరేడు చూడు, అదిగో వాడు తగువుకొచ్చేడు" అంటూ నాకు చెబుతూనే ఉంది. "మన జ్ఞాతుల్లా ఉన్నారే" అని కూడా అంది. సాయంత్రం పోటు వచ్చి, బొరియలు ఒక్కొక్కటే మూసుకుపోయి, నావ మెల్లగా కదిలినప్పుడు ఆవిడకి కాస్త బెంగ కలిగినట్టే అనిపించింది.

ఊరు చేరగానే పిన్నిగారు చంకలో పిల్లాడితో, రెండో చేత్తో మూట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను ఆ మూట చూడలేక నేల చూసుకుంటున్నాను. అమ్మమ్మ మూట అందుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ అమ్మాయ్" అంది.

"కళ్ళజోడు ఇందులోనే ఉందండి" అంది పిన్నిగారు, ఆవిడకి వినిపించలేదేమోనని.

"తెలుసు. చూడాల్సింది చూడకుండా ప్రయాణం అయిపోయిందని ఎలా అంటాను? ఉండనీ. మళ్ళీ వెళ్తూ పట్టుకెళ్తాను."

అరుగు మీద ఉన్న తాతగారు కలగజేసుకుని, ప్రస్థానానికి గడువుంటుందనీ, అన్ని రోజులు దాటితే చెల్లదనీ, శ్లోకంతో సహా చెప్పబోయారు. అమ్మమ్మ ఆయన వైపు తిరిగి, "శాస్త్రం మీది, మూట నాది" అంది, శాంతంగానే. తాతగారు శ్లోకం మింగేశారు. ఆ ప్రయాణంలో ఆవిడకి ఎవరితోనైనా నేరుగా మాట్లాడటం అలవాటైపోయింది. లోపలికి వెళ్తూ నా చెవిలో, "ఈసారి మూట నువ్వే తేవాలి. ముందే చెప్తున్నాను" అంది.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. మరుసటి ఎండాకాలం తమ్ముడి ఒడుగు. ఆ తర్వాతి ఏడు నాన్నకి కొత్తపేట బదిలీ అయి మేం మకాం మార్చాం. ఇంకో ఏడు అమ్మకి జబ్బు చేసింది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ, "ఈ వేసవికి వెళ్దామే" అనేది, నేను "ఆ" అనేదాన్ని. పడవ తాత పోయాడు. నేను కాలేజీలో చేరాను, టీచరు ట్రైనింగు చేశాను, ఉద్యోగం వచ్చింది. మొదటి సెలవులకి వెళ్ళినప్పుడు టాక్సీ మాట్లాడతానన్నాను. "టాక్సీ కూడా బస్సు చుట్టమే కదే. నావ మీదైతే చెప్పు" అంది. నావ సంగతి కనుక్కుంటానన్నాను, కనుక్కోలేదు. ఎవరినో ఒకరిని అడిగి ఉంటే దొరికేది. కోనసీమలో నావకి కరువా? ఆ చలికాలం ఆవిడ రెండు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. మొదటిసారి మూట మరిచిపోయింది చిన్నతనంలో, ఒక్క నిమిషం. రెండోసారి మరిచిపోయింది బుద్ధి తెలిసీ, పదకొండేళ్ళు. మొదటిదానికి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. రెండోదానికి ఆ ఒళ్ళు లేదు.

పిన్నిగారి కొడుకు వెళ్ళాక మూట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేళ్ళతో తడిమితే లోపల డబ్బా గట్టిగా తగిలింది. విప్పబుద్ధి కాలేదు. తమ్ముడికి ఫోను చేసి, వచ్చే దశమి ఎప్పుడో చూడమన్నాను. ఎందుకో చెప్పాను. వాడు క్యాలెండరు తిప్పుతూ, "రోడ్డు ఇసకదాకా వేసేరే అక్కా. కార్లో గంటలో వెళ్ళొచ్చేద్దాం" అన్నాడు.

"నావ మీద" అన్నాను.

"అయితే ముందు నేను కూర్చుంటాను" అన్నాడు వాడు. సరేనన్నాను.

మూట ఇప్పుడు మా ఇంట్లో లేదు. మళ్ళీ గడప తొక్కింది కదా, తాతగారు ఉంటే ఒప్పుకోరు. అందుకని మంచి రోజు చూసి, దక్షిణం వైపు వాటాలో ఉండే అమ్మాయిని అడిగి వాళ్ళింట్లో పెట్టాను. రోజూ ఒకసారి వెళ్ళి చూసి వస్తున్నాను. ఆ పిల్ల నన్ను చూసి ఏమనుకుంటోందో తెలీదు. చివర లేకపోవడమంటే ఎలా ఉంటుందని అమ్మమ్మ ఆ రోజు నన్ను అడిగింది. ఆవిడ ఒక మంచి బుధవారం పొద్దున్న బయలుదేరింది. యాభై ఏళ్ళైంది, ఇంకా దారిలోనే ఉంది.